తీగకు అటు చివర

వజ్రపుకొత్తూరు దగ్గర మా కొబ్బరితోటకి టైము ప్రకారం నీళ్లు వదిలే కంట్రోలర్ ఉంది. ఓ పొద్దున దాని లైటు వెలుగుతున్నా, సముద్రం వైపు వాల్వు తెరుచుకోలేదు. బాక్సు దగ్గర కరెంటు బాగానే ఉందని చేతి మీటరు చెప్పింది. ఇక అనుమానం మట్టిలోని తీగ మీదే. ఉప్పునీరు తినేసిందని ముందే తిట్టుకున్నాను.

కరెంటు తీసేసి ఆ జంట తీగని రెండు వైపులా విప్పాం. వాల్వు దగ్గరున్న మా ఆవిడకి ఫోన్లో "రెండు కొసలూ పట్టుకో" అన్నాను. కలిపి మెలేయమని నా ఉద్దేశం. నా వైపు కొసలకి తగిలించిన మీటరు తీగలో అడ్డెంతో చూపిస్తుంది; అటు కొసలు కలిస్తే సున్నా దగ్గర నిలవాలి. తీగ తెగి ఉంటే అంకే రాదు. వచ్చిందేమో చాలా పెద్ద అంకె, అదీ నిలవకుండా వణుకుతోంది.

"ఏటి సేత్తన్నావు?" విసుక్కున్నాను.

"పట్టుకోమన్నావు గదా మావా. సేతికోటి పట్టుకున్నాను."

వదిలేయమన్నాను. అంకె మాయమైంది.

చెట్ల చాటున నాకు కనిపించనంత దూరంలో ఉన్న మనిషి, తన చెమట చేతుల గుండా వచ్చి నా అరచేతిలోని మీటరులో వణికింది.

తీగ తెగలేదని తేలిపోయింది. చెడింది వాల్వుని తెరిచే కాయిలే. అయినా ఇంకోసారి పట్టుకోమన్నాను.