కంప మూసి వెళ్ళిన దొంగ

నిన్న మధ్యాహ్నం మా వీధి మొగలో కరెంటు స్తంభానికి పోలీసువాళ్ళు కెమెరా బిగించారు. ఆత్మకూరులో ఒక్కొక్క వీధికీ పెట్టుకుంటూ వస్తున్నారట. కూడా వచ్చిన ఆడ కానిస్టేబులు, నా మనవరాలి ఈడు పిల్ల, ఇల్లిల్లూ తిరిగి, ఊరికి వెళ్ళేటప్పుడు స్టేషనులో చెప్పి వెళ్ళమనీ, బజారుకు పోయేటప్పుడు మెడలో గొలుసు కనపడకుండా కొంగు కప్పుకోమనీ, ఫోనులో ఎవరు ఏ నంబరు అడిగినా చెప్పవద్దనీ ఎంతో మర్యాదగా చెప్పింది. మా ఎదురింటి రిటైర్డు మాస్టారు అరుగు మీద నుంచే అందుకుని, "మా కాలంలో ఇయన్నీ యాడుండాయమ్మా, తలుపులు బార్లా తెరిచిపెట్టి చేలోకి పోయినా పుల్ల కదిలేది కాదు" అని, సాక్ష్యానికి నా వంక చూశారు. నేనూ తల ఊపాను. ఊపి లోపలికి వచ్చి కూచున్నానే గానీ, ఆ తల ఊపడం సాయంత్రం దాకా నన్ను వదల్లేదు. నా ఈడువాళ్ళైన మీరు మాత్రం ఇలా ఎన్నిసార్లు ఊపలేదు గనక.

నిజమే, తలుపులు తెరిచే ఉండేవి. ఇరవై రెండేళ్ళ వయసులో నర్సు ఉద్యోగం వచ్చి, ఉదయగిరి దాటి సీతారామపురం వైపు కొండల మధ్య ఉన్న ఒక చిన్న పల్లెలో నన్ను వేసినప్పుడు, నేనున్న ఇంటి తలుపుకు గడియ కూడా సరిగా పడేది కాదు. అనంతసాగరం దగ్గర మా ఊరి నుంచి నన్ను దించడానికి వచ్చిన మా నాయన, రెండు బస్సులు మారి, చివర మూడు మైళ్ళు నా ట్రంకు పెట్టె నెత్తిన మోసుకుని నడిచి, ఆ గడియను నాలుగుసార్లు వేసి తీసి చూసి, ఇంటి యజమానురాలైన అవ్వను పక్కకు పిలిచి, పెళ్ళికాని పిల్లను వదిలిపెట్టి పోతున్నాను, ఈడ భయమేమన్నా ఉండాదా అని అడిగాడు. అవ్వ నవ్వి, "సీతాపండ్ల కాలంలో ఎలుగొడ్లు దిగతాయి నాయనా. మనుషులతో అయితే భయం లేదు" అంది. ఎలుగుబంట్ల మాట విని మా నాయన మరింత బెంగపడ్డాడు గానీ, నాకెందుకో ఆ మాటతో ధైర్యం వచ్చింది.

అవ్వకు నా అన్నవాళ్ళు ఎవరూ దగ్గర లేరు. భర్త పోయాడు, కూతురు వరికుంటపాడు దగ్గర కాపురం. ఇంటి వెనక దొడ్డిలో ఇరవై ముప్పై జీవాలు, అవే ఆమె లోకం. పక్క వీధిలోనే తమ్ముడి కుటుంబం ఉన్నా, ఎప్పటిదో ఒక గట్టు తగాదా వల్ల మాటలు లేవు. అందుచేత ఆమె మాటలన్నీ గొర్రెలకూ, అవి విని విసిగితే నాకూ దక్కేవి.

ఆ పల్లె నుంచి చుట్టూ ఏడు పల్లెలకు నేను ఒక్కదాన్నే నడిచి వెళ్ళేదాన్ని, మందుల పెట్టె ఒక భుజాన, గొడుగు ఒక చేత. తెల్లవారి మంచు విడవక ముందు బయలుదేరితే దారంతా ఏదో కలలో నడుస్తున్నట్టే ఉండేది. ఎర్రటి బాట, తడిసిన గడ్డి వాసన, ఎక్కడో కనపడని మందలో గంటల చప్పుడు, దూరంగా ఉదయగిరి కొండ నీలంగా, ఇంకా నిద్రలేవనట్టు. చేలో పనిచేసుకుంటున్న మనిషి నన్ను చూడగానే నడుము ఎత్తి, అవతలి చేలో ఉన్నవాళ్ళకు వినపడేటట్టు "నర్సమ్మ వస్తా ఉండాదీ" అని కేక వేసేవాడు. వాళ్ళు ఆ అవతలి వాళ్ళకు వేసేవాళ్ళు. అలా ఆ కేక నాకంటే ముందు వాగులూ మిట్టలూ దాటుకుంటూ పోయి, నేను చేరే సరికి పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు రచ్చ దగ్గర ఎదురుచూస్తూ ఉండేవాళ్ళు, ఒకామె చేతిలో మజ్జిగ చెంబు. నా కాపలా అంతా ఆ కేకే. దాన్ని ఇప్పటికీ నిద్రలో వింటుంటాను.

శనక్కాయ పీకుళ్ళు అయిపోయాక, ఏటా ఒక నెలా రెండు నెలలు ఊరవతల సన్నగా నీళ్ళు పారే వంక పక్కన బుట్టలల్లేవాళ్ళు గుడారాలు వేసుకునేవాళ్ళు. నాలుగైదు కుటుంబాలు, ఈత బరికెలు కోసుకొచ్చి బుట్టలూ గంపలూ అల్లి గింజలకు ఇచ్చేవాళ్ళు. వాళ్ళలో పెద్ద అనదగ్గ ఒక బక్కపలుచని మనిషి ఉండేవాడు. టీకా వేయించుకోవడానికి వాళ్ళ పిల్లలు ఏడుస్తుంటే, తానే ముందు చెయ్యి చాచి, "నాకు పొడువు తల్లీ, వీళ్ళ పిరికితనం పోవాల" అని నవ్వించేవాడు. అతని వేళ్ళు బరికెల మీద ఆడుతుంటే చూస్తూ నేను పని మరిచిపోయి కూచున్న రోజులున్నాయి.

రెండో ఏడు చలికాలంలో జరిగింది ఆ సంగతి. అవ్వతో మాటల్లేని ఆ తమ్ముడి కొడుకు భార్యకు అప్పుడు ఎనిమిదో నెల. ఎప్పుడు కింది కన్నురెప్ప లాగి చూసినా తెల్లగా పాలిపోయి ఉండేది, ఒంట్లో రక్తం లేదు. మాత్రలతో అయ్యే పని కాదనీ, నెల్లూరు పెద్దాసుపత్రిలో చేర్చమనీ రెండుసార్లు నెమ్మదిగా చెప్పాను. మూడోసారి కోపం ఆపుకోలేక, ఈ వారంలో తీసకపోకపోతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు, ఆ పైన నీ ఇష్టం అని ఆమె మొగుణ్ణి కఠినంగా అన్నాను. అతను తువ్వాలు మెలిపెడుతూ నిలబడి, వెళ్ళిపోయాడు. ఆ ఏడు వాళ్ళ చేను ఎండిపోయిందని నాకు తెలుసు. తెలిసీ అన్నాను.

రెండు రోజుల తరవాత, పక్క పల్లెలో కాన్పు చేసి పొద్దు పొడుస్తున్న వేళ తిరిగి వస్తున్నాను. మంచు బాగా పట్టి ఉంది. మిట్ట మలుపులో మంచులోంచి ఒక మనిషి వచ్చాడు, భుజాల మీద పొట్టేలు, దాని కాళ్ళు నాలుగూ గుండెల మీద పట్టుకుని. కొమ్ము పక్కన నల్లమచ్చ చూడగానే అది అవ్వ పొట్టేలని పోల్చాను. మోస్తున్నది ఆ తమ్ముడి కొడుకు. ఇద్దరం ఆగిపోయాం. అతను నా మొహంలోకి చూశాడు, నేను అతని మొహంలోకి చూశాను. ఏమీ అడగలేదు నేను, ఏమీ చెప్పలేదు అతను. పొట్టేలు ఒక్కటే చిన్నగా అరిచింది. తరవాత అతను ఉదయగిరి బాట పట్టి మంచులో కలిసిపోయాడు.

నేను ఇల్లు చేరే సరికి అవ్వ వీధిలో నిలబడి నెత్తీ నోరూ కొట్టుకుంటోంది. ఊరంతా పోగయ్యారు. ఊరి పెద్దరైతు వచ్చి, దొడ్డి వంక కూడా చూడకుండా, "ఇంకెవురు చేస్తారు? వంక కాడ గుడారాలోళ్ళే" అన్నాడు. అందరూ అవునన్నారు. ఎవరికీ ఇంకో ఆలోచన రాలేదు. ఆయన కబురు చేస్తే మధ్యాహ్నానికి జీపు వచ్చింది. ఏ స్టేషను వాళ్ళో చెప్పను, ఇప్పుడు వాళ్ళూ లేరు, చెప్పి ప్రయోజనమూ లేదు. వాళ్ళు గుడారాల్లోని గంపలన్నీ కాళ్ళతో దొర్లించి, పొట్టేలు దొరక్కపోతే ఆ బక్కమనిషిని ఎక్కించుకుని పోయారు. అతని భార్య జీపు వెనక చాలాదూరం పరుగెత్తడం నేను అవ్వ అరుగు మీద నిలబడి చూశాను, మందుల పెట్టె భుజాన ఉండగానే.

ఆ రోజే తమ్ముడి కొడుకు ఉదయగిరి నుంచి తిరిగి వచ్చి, తన భార్యను తీసుకుని నెల్లూరు వెళ్ళాడని తెలిసింది. పొట్టేలును ఎందుకు అమ్ముకున్నాడో నాకు అర్థమైంది. ఇప్పుడు నోరు విప్పితే అతన్ని పట్టుకుపోతారు, ఆ పిల్ల ఆసుపత్రిలో ఒంటరిదై పోతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. కానీ అదొక్కటే నిజం కాదు. పెద్దరైతు మాటకు ఎదురు చెప్పడానికి భయం, పరాయి ఊళ్ళో సాక్షిగా నిలబడడానికి భయం, రేపటి నుంచి ఆ కేక నా ముందు నడవదేమోనని భయం. మూడు రోజులు అలా గడిపాను. అవ్వ కూడా ఆ పూట ఏడ్చిందే గానీ, తరవాత పొట్టేలు మాటే ఎత్తలేదు. అది నేను గమనించలేదు.

మూడో రోజు బుట్టలతని భార్య మా గుమ్మం ముందుకు వచ్చింది, చంకలో పిల్ల. "అమ్మా, సదువుకున్న దానివి, నీ మాటైతే ఇంటారు. కూడు తీసకపోయినా మనిషిని కనపడనీలేదు తల్లీ" అంది. చూస్తానమ్మా అన్నాను. ఆ మాట నాకే అసహ్యంగా వినపడింది.

ఆ సాయంత్రం అవ్వ చేటలో బియ్యం ఏరుతుంటే, ఎదురుగా కూచుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె చెయ్యి ఆగలేదు. రాళ్ళు ఏరుతూనే, "నాకు తెలుసు పాపా" అంది.

ఎట్లా తెలుసని అడిగాను.

"దొంగోడు కంప మూసిపోతాడా? మిగతా జీవాలు బయటికి రాకుండా ముళ్ళకంప లాగి, అడ్డం రాయి పెట్టి పోయినాడు. అది మా నాయన పెట్టే తీరు. మా ఇంటోళ్ళకు తప్ప ఇంకెవురికీ రాదు. అరిచి గోల చేసినాక చూసినా దాన్ని."

"మరి ఎందుకు చెప్పలేదవ్వా?" అన్నాను.

"నువ్వెందుకు చెప్పలేదు?" అంది. ఇంకో రాయి ఏరి పారేసి, "నువ్వు ఆ దావన్నే వచ్చినావు గదా, చూసే ఉంటావని మూడు దినాలుగా నీ మొగమే చూస్తా ఉండా. నువ్వు అంటే నేనూ అందామని" అంది. అప్పుడు ఆమె చెయ్యి ఆగింది.

మర్నాడు మొదటి బస్సుకు ఇద్దరం స్టేషనుకు పోయాం. అవ్వ ఉతికిన కోక కట్టుకుంది. అధికారి ముందు చేతులు జోడించి, "నా పొట్టేలు ఇంటికొచ్చేసినాది సారూ. కొండలోకి పొయ్యుండాది, దానంతట అదే వచ్చినాది" అంది. ఆయన నమ్మలేదు. నా తెల్లచీర వంక చూసి, నిజమేనా నర్సమ్మా అని అడిగాడు. "అవును సార్, నేను చూశాను" అన్నాను. మూడు రోజులుగా నిజానికి పెగలని గొంతు అబద్ధానికి ఎంత తేలిగ్గా పెగిలిందో!

బుట్టలతన్ని వదిలేశారు. కుడిచెయ్యి మణికట్టు దాకా వాచి ఉంది. బస్సులో మా పక్కన చోటున్నా వెనక్కు పోయి నిలబడ్డాడు. ఆ మధ్యాహ్నం నేను పెట్టె తీసుకుని గుడారానికి వెళితే, భార్య అడ్డం నిలబడి, నీ మందు మాకొద్దు పొమ్మంది. అతనే ఆమెను పక్కకు జరిపి చెయ్యి చాచాడు. కట్టు కడుతున్నంతసేపూ నేను తల ఎత్తలేదు. "పొట్టేలు దొరికినాదంట గదా తల్లీ?" అని అడిగాడు. ఊఁ అన్నాను. "మంచిదేలే. ముసిలమ్మ, పాపం, దాని మీదనే బతకతా ఉండాది" అన్నాడు. నిజం నా పెదవుల దాకా వచ్చింది. చెప్పలేకపోయాను. తెల్లవారి చూస్తే వంక పక్కన గుడారాలు లేవు, పొయ్యి రాళ్ళు మాత్రం మసిబారి ఉన్నాయి.

నెల్లూరులో ఆ పిల్లకు ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ బతికారు. మరుసటి ఏడు ఆమె మొగుడు ఒక మంచి పొట్టేలు పిల్లను తెచ్చి మేనత్త దొడ్డిలో వదిలి వెళ్ళిపోయాడు. అవ్వ దానికి ఆకు వేసింది. రెండిళ్ళ మధ్యా మళ్ళీ మాటలు కలిశాయి. అలా ఊళ్ళో ఆ సంగతి తీరిపోయింది. పైగా అదొక గొప్ప కథ అయి కూచుంది. మా ఊళ్ళో పోయిన పొట్టేలు కూడా దానంతట అదే తిరిగొస్తుంది, అంత సత్తెమైన ఊరు మాది అని పెద్దరైతు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. అవ్వా నేనూ వింటూ ఊరుకునేవాళ్ళం. బుట్టలవాళ్ళు మాత్రం మళ్ళీ ఏ ఏడూ రాలేదు. శనక్కాయ పీకుళ్ళు అయ్యాక ఆడవాళ్ళు వంక వైపు చూసి, ఈ ఏడు కూడా రాలేదే, గంపలకు ఉదయగిరి దాకా పోవాలి కాబోలు అని విసుక్కునేవాళ్ళు.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. పోయినేడు బంధువుల కారులో ఆ దారిన వెళుతూ చూశాను. ఇళ్ళకు ఇనుప గేట్లు, గేట్లకు తాళాలు, చేలలో నడుము ఎత్తి కేక వేసే మనిషి ఒక్కడూ లేడు. వేసినా అద్దాలెత్తిన కారులో ఎవరికి వినపడుతుంది? నా మనసు ఉసూరుమంది, అబద్ధమెందుకు. ఆ మంచు, ఆ కేక, ఆ గడియ పడని తలుపు వెనక నేను పోయిన నిద్ర, వాటి మీద బెంగ నాకు ఈ జన్మకు తీరదు. ఆ రోజులు నన్ను భద్రంగా చూసుకున్నాయి. కాదంటే కళ్ళు పోతాయి.

అయితే ఆ బుట్టలల్లే మనిషి బతికి ఉంటే ఈపాటికి ఎనభై దాటి ఉంటాయి. ఏ ఊళ్ళోనో, ఏ కొడుకు పంచనో కూచుని ఉంటాడు. అక్కడా ఎవరో ఒక మాస్టారు, మన కాలమే మేలు, దొంగలే లేరు అని ఉంటాడు, సాక్ష్యానికి అతని వంక చూసి ఉంటాడు. నవ్వించడం తెలిసిన మనిషి గనక నవ్వే ఉంటాడు. తల ఊపి ఉంటాడా లేదా అన్నది మాత్రం నాకు ఎంత ఆలోచించినా తోచడం లేదు.