సైరన్ మామయ్య పీకిన తీగ

పురపాలక ఆఫీసులో పౌర రక్షణ గుమాస్తాని ఊరంతా సైరన్ మామయ్య అనేది. పెత్తనమంతా మేడ మీది సైరన్ ఒక్కదాని మీదే మరి! కేంద్రం నుంచి ఊరికి రక్షణ నిధులు రావాలంటే, నెలనెలా దాన్ని మోగించి చూశామని కాగితం పంపాలి. సంతకం ఆయనదే.

ఆరేళ్ల కిందట, ఆఫీసు వెనకింట్లో ఉండే చెల్లెలికి పాప పుట్టింది. "అన్నయ్యా, నీ సైరన్‌కి పిల్ల ఉలిక్కిపడి చస్తోంది. కొన్నాళ్లు ఆపవూ!" అంది. మేనమామ మనసు కరిగిపోయింది. మేడెక్కి హారన్ తీగ పీకేశాడు. మీట నొక్కితే గదిలో పచ్చలైటు వెలిగేది, పనిచేస్తోందని రాసేవాడు. ఊళ్లో ఒక్కరూ అడగలేదు, పీడా పోయిందనుకున్నారు. నిధులు ఠంచనుగా వచ్చాయి. తాళ్లు, స్ట్రెచర్లు వచ్చాయి. తీగ తగిలించడం మాత్రం రేపు, ఎల్లుండి అంటూ ఆరేళ్లు సాగింది. పైగా పాప దగ్గర గొప్పలు! "నా సైరన్ మోగిందంటే చెవులు బద్దలే. రెండు చేతులా మూసుకోవాలి!"

మొన్న వానలకి పట్టపగలే ఏటిగట్టు తెగింది. మీట నొక్కాడు. పచ్చలైటు నిక్షేపంగా వెలిగింది. చప్పుడు లేదు. అప్పుడు గుర్తొచ్చింది, పీకేసిన తీగ. ఇక మేడెక్కే వ్యవధి ఎక్కడ? వీధిలోకి పరిగెత్తాడు. ముందు చెల్లెలి తలుపే బాదాడు. పలుకు లేదు. తల్లీ కూతుళ్లు వెళ్లిపోయారనుకుని మిగతా ఇళ్ల మీద పడ్డాడు. వీధి చివర, కొట్టు నుంచి వస్తూ చెల్లెలు ఎదురైంది. "పాపేదన్నయ్యా?"

వెనక్కి పరిగెత్తి, నీళ్లకి బిగుసుకుపోయిన తలుపు విరగ్గొట్టాడు. పాప బల్ల మీద కూర్చుని ఉంది, నడుము దాకా నీళ్లు, రెండు చెవులూ గట్టిగా మూసుకుని.

"ఇంకా మోగలేదేం మామయ్యా?"

మర్నాడు పెద్ద ఆఫీసరు వచ్చి భుజం తట్టాడు. "ఇంటింటికీ తిరిగి ఊరిని కాపాడావయ్యా! పిడుగు పడి సైరన్ చెడిపోయిందని రాయి. కొత్తదానికి నిధులు తెప్పిస్తా."

చెల్లెలు పక్కనే పాపనెత్తుకుని, అన్నయ్యకి దణ్ణం పెడుతూ నిలబడింది. ఆ దణ్ణం చూడలేక తల దించుకున్నాడు. కలం తీసి, "తీగ నేనే పీకాను" అని రాశాడు.

ఆఫీసరు నివ్వెరపోయాడు. "ఎందుకయ్యా?"

పాప నిద్ర కోసమని నాలుక చివరి దాకా వచ్చింది. అదీ అబద్ధమే. పాప నిద్ర ఆరు నెలలు, తన నిద్ర ఆరేళ్లు. సిగ్గుతో ఒళ్లంతా కుంచించుకుపోయింది.

"బద్ధకం సార్" అన్నాడు.