నలభై మూడో నంబరు

ఏప్రిల్ అంటే అందరికీ మామిడికాయలు గుర్తొస్తాయేమో. నాకు మాత్రం కాళ్ళ నొప్పులు గుర్తొస్తాయి. ముప్పై ఏళ్ళకు పైగా లెక్కల టీచరుగా పనిచేశాను. అందులో సగం కాలం ద్రాక్షారామం దగ్గర ఒక పల్లెటూరి హైస్కూల్లోనే గడిచింది. బడి సంవత్సరం చివరికి వచ్చేసరికి పిల్లలకు హుషారు పెరుగుతుంది, మాకు ఒంట్లో ఉన్న కాస్త ఓపికా అయిపోతుంది. ఈ మాట ఎవరితో అన్నా ఒప్పుకోరు. "మీకేంటండీ, రెండు నెలలు సెలవులు!" అంటారు. బస్సులో పక్క సీటావిడ దగ్గర్నుంచి మా ఆడపడుచు దాకా అందరిదీ ఇదే పాట. మొదట్లో సమాధానం చెప్పేదాన్ని, తర్వాత మానేశాను.

తొంభైల చివర్లో ఒక ఏడాది సంగతి చెబుతాను.

ఆ ఏడు ఫిబ్రవరిలో వార్షికోత్సవం చేశాం. బహుమతులకు స్టీలు పళ్ళేలు కొని వాటి మీద పిల్లల పేర్లు కొట్టించింది నేను. డాన్సు వేసే ఆడపిల్లలు పదహారు మందికీ జడలు వేసింది నేను. సభ మధ్యలో కరెంటు పోతే పెట్రోమాక్సు లైటు ఎవరింట్లో ఉందో కనుక్కుని తెప్పించిందీ నేనే. ఆ తర్వాత పదో తరగతి వాళ్ళ వీడ్కోలు సభ. బూందీ, కారప్పూస పొట్లాలు, ఏడుపులు, గ్రూపు ఫోటో. ఫోటోగ్రాఫరు "కొంచెం నవ్వండి మేడం" అంటే మా స్టాఫులో ఒక్కరూ నవ్వలేదు. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది. అందరం శవజాగారం చేసి వచ్చినవాళ్ళలా ఉంటాం.

ఆ తర్వాత పరీక్షలు. ఆఖరి పరీక్ష నాడు ఒకళ్ళ చొక్కాల మీద ఒకళ్ళు ఇంకు చల్లుకునే పదో తరగతి మగపిల్లల్ని గేటు దాకా తరమడం మరో పని. ఇంతా అయ్యాక, గోరుచుట్టు మీద రోకటిపోటులా, కాకినాడలో పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. తెల్లారకుండా లేచి వంట చేసి, ఆరు గంటల బస్సు పట్టుకోవాలి. సాయంత్రం తిరుగు బస్సులో సీటు దొరికితే అదృష్టం. పన్నెండు రోజులు అలా తిరిగాను. ఇంటికొచ్చాక మా బడిలో ఎనిమిదో తరగతి లెక్కల పేపర్లు నా కోసం మంచం మీద కాచుకుని ఉండేవి.

ఆ ఎనిమిదో తరగతికి క్లాసు టీచర్ని నేనే. అందులో ఒక పిల్ల ఉండేది. పేరు చెప్పను. హాజరు పట్టీలో ఆమెది నలభై మూడో నంబరు.

ఆ పిల్ల తల్లి కువైట్‌లో ఒక ఇంట్లో పనికి వెళ్ళింది. తండ్రి ఊసు ఎవరూ ఎత్తేవారు కాదు. అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. అక్టోబరులో ఆ అమ్మమ్మ నూతి గట్టు దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ముసలామె రెండిళ్ళలో అంట్లు తోమి, వాకిళ్ళు ఊడ్చేది. ఆవిడ మంచాన పడగానే ఆ రెండిళ్ళ పనీ ఈ పిల్ల మీద పడింది. డిసెంబరు వచ్చేసరికి నలభై మూడో నంబరు ఎదురుగా హాజరు పట్టీలో అన్నీ గైర్హాజరులే.

లెక్కల్లో బంగారం లాంటి పిల్ల. నేను బోర్డు మీద లెక్క పూర్తి చేసేలోపు దాని పుస్తకంలో జవాబు ఉండేది. అంతమాత్రాన చెయ్యెత్తి చెప్పే రకం కాదు. నేను వెళ్ళి పుస్తకం లాక్కుని చూడాలి, అప్పుడు తెలిసేది.

నాకు ఊరుకునే గుణం లేదు. పండగ సెలవులకు ముందు వాళ్ళింటికి వెళ్ళాను. కాలవ గట్టు మీద తాటాకు పాక. ముసలామె మంచం మీద నుంచే దణ్ణం పెట్టింది.

"దాన్ని బడికి పంపండి. పొద్దున్నా సాయంత్రం పని చేసుకుంటుంది, మధ్యలో బడికొస్తుంది" అన్నాను.

"ఇన్ని రోజులు రాలేదు కదమ్మా, ఎలాగూ పై క్లాసుకి పంపరంట కదా? ఇంక ఎందుకండీ ఊరికే తిరగడం? పిల్లలు చెప్పేరు."

ఆ మాట నిజమే. మార్కులు ఎన్నొచ్చినా హాజరు చాలకపోతే అదే తరగతిలో ఉండిపోవాలి. అయినా ఆ గుమ్మంలో నిలబడి మాటిచ్చేశాను. "రేపట్నుంచి రోజూ వస్తే మిగతాది నేను చూసుకుంటాను. తొమ్మిదో తరగతికి పంపే పూచీ నాది."

ముసలామె తలుపు వైపు ఒకసారి చూసింది. "మీ మాట మీద పంపుతున్నానమ్మా. ఈసారి తప్పితే మాత్రం ఇంక చదువు లేదు దానికి, పనిలో పెట్టేస్తాను" అంది. పిల్ల తలుపు చాటున నిలబడి వింటోంది.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా నలభై మూడు ఒక్క రోజూ మానలేదు. ఒక్కోసారి జడ వేసుకోకుండా, చేతులకు బూడిద ఉండగానే పరుగెత్తుకొచ్చేది. నా వంతు నేనూ చేశాను. తెలిసిన డాక్టరు గారి దగ్గర ఆ పిల్లకు పచ్చకామెర్లు వచ్చాయని కాగితం రాయించాను. అబద్ధమే, ఇప్పుడు నన్నెవరేం చేస్తారు? ఆ కాగితం పట్టుకుని హెడ్మాస్టారి గదిలోకి వెళితే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

"రూల్సు ఒప్పుకోవండి మేడం."

"మీకు అధికారం ఉందండి, కొన్ని రోజులు మాఫీ చెయ్యొచ్చు. నేను చదివే వచ్చాను."

"ఇవాళ ఈ పిల్లకి చేస్తే రేపు ఇంకో పదిమంది వస్తారండీ."

"ఇలా రోజూ బడికొస్తుంటే వాళ్ళకీ చెయ్యండి."

నాలుగు రోజులు ఆయన ప్రాణం తీశాను. ఆఖరికి, "మీ పోరు పడలేకపోతున్నానండీ బాబూ!" అని సంతకం పెట్టారు. పేపర్లు దిద్దాక ప్రమోషన్ లిస్టులో నలభై మూడో నంబరు నా చేత్తోనే రాసుకున్నాను. ఆ పిల్లకు ముందుగా చెబుదామనుకున్నాను గానీ సంతకమైన మర్నాటి నుంచే కాకినాడ డ్యూటీ మొదలైంది. ఎలాగూ ఆఖరి రోజున అందరితోపాటే వింటుందిలే అనుకున్నాను.

మా బడిలో ప్రమోషన్ లిస్టు నోటీసు బోర్డుకి అంటించే అలవాటు లేదు. అద్దం ఎప్పుడో పగిలిపోయింది, కాగితం అంటిస్తే మేకలు తినేసేవి. అందుకని ఆఖరి పనిదినాన పిల్లలందర్నీ గ్రౌండులో నిలబెట్టి మైకులో నంబర్లు చదివేవారు. నంబరు వినబడ్డవాళ్ళు నడిచి వెళ్ళి వరండా నీడలో నిలబడాలి. వినబడనివాళ్ళు ఎండలోనే ఉండిపోతారు. ఇది డ్రిల్లు మాస్టారు పెట్టిన పద్ధతి. మనసుకి నచ్చేది కాదు. కానీ పదేళ్ళలో ఒక్కసారైనా వద్దని నేను అనలేదు.

ఎప్పుడూ హెడ్మాస్టారే చదివేవారు. ఆ రోజు ఆయన గొంతు పూర్తిగా బొంగురుపోయింది. "మీరు చదవండి మేడం, మీ గొంతైతే ఊరవతలికి వినబడుతుంది" అన్నారు. అందరూ నవ్వారు. నేను ముందు రోజు రాత్రే కాకినాడ డ్యూటీ ముగించుకుని వచ్చాను. దారి పొడుగునా బస్సులో నిలబడే వచ్చాను. కళ్ళు మండుతున్నాయి. తొందరగా చదివేసి ఎక్కడైనా కూలబడాలన్నదొక్కటే నా ఆలోచన.

ఆరో తరగతి అయింది, ఏడు అయింది. ఎనిమిది మొదలుపెట్టాను. చదివిన నంబరు పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ పోతున్నాను. నలభై రెండు దగ్గర మైకు గుయ్యిమని ఆగిపోయింది. కరెంటు పోయింది. పిల్లలు ఒకటే గోల. డ్రిల్లు మాస్టారు ఈల ఊది, ఇద్దర్ని అదిలించి, వైర్లు కదిపి చూస్తుండగానే మళ్ళీ కరెంటు వచ్చింది. "కానివ్వండి" అన్నారు. నేను కాగితం మీదికి తల వంచి, నలభై నాలుగు అన్నాను.

అంతే. లెక్కల టీచర్ని, నలభై రెండు తర్వాత నలభై నాలుగు చదివాను. చదువుతూ ఒక్కసారి తలెత్తి ఎండలో ఎవరు మిగిలారో చూసి ఉంటే సరిపోయేది. చూడలేదు. ఆ పిల్ల పక్కనున్న పిల్లలకీ అనుమానం రాలేదు. అన్ని రోజులు బడి మానింది కదా, పోయిందనుకున్నారు.

జూన్‌లో బడి తెరిచారు. తొమ్మిదో తరగతికి కూడా నన్నే క్లాసు టీచర్ని చేశారు. కొత్త హాజరు పట్టీలో ఆమె పేరు రాసుకున్నాను. రోజూ పిలుస్తున్నాను, రోజూ జవాబు లేదు. అమ్మమ్మకు మళ్ళీ ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. అడ్మిషన్లు, టీసీలు, పాఠ్యపుస్తకాల పంపిణీ ఒక పక్క నుంచి తరుముతున్నాయి. రెండు వారాలు గడిచాక గానీ అడగలేదు.

"అది ఫెయిలైపోయింది కదండీ" అంది ముందు బెంచీ పిల్ల.

"ఎవరే చెప్పింది?"

"మీరేనండి. మైకులో."

పాఠం ఆపేసి ఆఫీసు గదికి వెళ్ళి ఫైలు తీయించాను. నా చేతిరాతలో నలభై మూడు ఉంది. పైన టిక్కు ఉంది, కింద టిక్కు ఉంది, దాని పక్కన లేదు. హెడ్మాస్టారికి చూపిస్తే, "వెళ్ళి రండి" అన్నారంతే.

ఇంతదాకా వచ్చాక దాచడమెందుకు, ఇక్కడే చెప్పేస్తున్నాను. ఆ పిల్ల మళ్ళీ బడికి రాలేదు. నేను వెళ్ళిన మాట నిజమే, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి.

ముసలామె కర్ర ఊతంతో లేచి తిరుగుతోంది. నన్ను చూసి ఈసారి దణ్ణం పెట్టలేదు. నేను జరిగిందంతా చెప్పాను. ఏమీ దాచుకోలేదు. పాసయింది, నేనే నంబరు వదిలేశాను, తప్పు నాది అన్నాను.

"ఓ అంకె మర్చిపోయేరా?" అంది.

"మర్చిపోయానమ్మా."

"చదివితే ఎంతసేపమ్మా అది? గుక్కెడు నీళ్ళు తాగినంతసేపు పట్టదు కదా!" కోపంతో కర్ర నేలకేసి కొట్టింది. "మీరు మాటిచ్చేరని నేను నాలుగు నెలలు ఈ కుంటి కాలుతో పాకి గంజి కాసుకున్నాను. అది ఏడుస్తా ఇంటికొత్తే, టీచరమ్మ ఏం చేత్తాది పాపం, ఆవిడ చేతిలో లేదంట అని నేనే సర్దిచెప్పేను!"

తిడితే పడ్డాను. ఆ తిట్లు నాకు కావాలి అప్పుడు. పిల్ల ఏదమ్మా అంటే రొయ్యల షెడ్డుకి వెళ్ళిందంది. యానాం రోడ్డు వైపు ఆ రోజుల్లో రొయ్యలు వలిచే షెడ్లు వచ్చాయి. పొద్దున్నే వ్యాను వచ్చి ఆడపిల్లల్ని ఎక్కించుకుపోయేది. కువైట్ నుంచి తల్లి ఉత్తరాలు గానీ డబ్బు గానీ రావడం లేదట. ఇప్పుడు ఇద్దరి తిండీ ఆ పిల్ల చేతుల మీదే నడుస్తోంది. ఇంక బడికి పంపమని నేను ఏ మొహం పెట్టుకుని అడగను? అయినా అడిగాను. ముసలామె తల అడ్డంగా ఊపింది.

వ్యాను వచ్చేదాకా కూర్చున్నాను. ఇంకా వెలుతురు ఉంది. ఆ పిల్ల నన్ను చూసి చెప్పులు బయటే వదిలి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. నేను బలవంతాన ముందుకు లాగి చూశాను. ఐసులో నాని వేళ్ళు తెల్లగా ముడుచుకుపోయి ఉన్నాయి. రొయ్య ముళ్ళు గుచ్చుకున్న గాట్లు.

"నువ్వు పాసయ్యావే. నేనే నీ నంబరు చదవలేదు" అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను, నా మీద అరుస్తుందనుకున్నాను. అది మాత్రం, "లెక్కల్లో ఎన్నొచ్చాయండీ?" అని అడిగింది. చెప్పాను. తలూపింది. బడికి వస్తావా అంటే అమ్మమ్మ వైపు చూసి, "ఇప్పుడు కుదరదండి" అంది.

బస్సు ఆగే చోటు దాకా నాతో వచ్చింది. నాకు దుఃఖం, కోపం రెండూ ఒకేసారి పొంగుకొచ్చాయి. తప్పు చేసింది నేనైతే కోపం దాని మీద చూపించాను. "నోరు లేదటే నీకు? ఆ రోజే వచ్చి 'టీచరు గారండీ, నా నంబరు చదవలేదండీ' అని ఒక్క ముక్క అడిగితే సరిపోయేది కదే!" అన్నాను.

"వచ్చేనండి" అంది. "అందరూ ఎల్లిపోయేక స్టాఫ్ రూము గుమ్మం దాకా వచ్చేను. మీరు బల్ల మీద తల పెట్టుకుని నిద్దరపోతన్నారండి. బాగా అలిసిపోయున్నారు కదా, లేపడం ఎందుకులే అని కాసేపు నిలబడి ఎల్లిపోయేను."

బస్సు వచ్చింది, ఎక్కాను. ఆ నిద్ర నాకు బాగా గుర్తుంది. ఆ ఏడాది మొత్తంలో నేను హాయిగా నిద్రపోయింది ఆ పావుగంటే.