బ్యారన్ల ఇంటి వడ్రంగి అల్లుడు

కులం చూసి కూతురి మనసు విరిచే పెద్దమనుషులారా, అది మీకు ఏ చట్టం నేర్పింది?

ఆదోని నుంచి ఎమ్మిగనూరు వెళ్లే బస్సులో నా పక్కన జర్మనీ యువతి హెల్గా, ముందుసీట్లో నేతపని చేసే ఈరన్న. ఆమె ఇంగ్లీషును ఆయనకు నేను తెలుగులో చెబుతున్నాను.

"మాది బ్యారన్ల వంశం, అంటే మీ జమీందార్ల లాంటిది. మాపైన కౌంట్లు, వాళ్లపైన డ్యూకులు. వందేళ్ల క్రితమే చట్టం ఆ హోదాలు తీసేసింది. అయినా మా మేనత్త వడ్రంగిని చేసుకుంటే తాత పెళ్లికి వెళ్లలేదు" అంది హెల్గా.

"మావోళ్ల మాదిరే ఉండారే! మళ్లీ కలిసినారా?" అడిగాడు ఈరన్న.

"మా కోట పైకప్పు కారితే బాగుచేసింది ఆ అల్లుడే. కింద నిచ్చెన పట్టుకున్నది తాత."

ఈరన్న పగలబడి నవ్వాడు. తర్వాత మెల్లగా, "నా కూతురూ వేరే కులం పిల్లోన్ని చేసుకుంటానంటాందప్పా. దాంతో మాట్లాడేదే మానేసినా" అన్నాడు. బస్సు దిగకముందే ఫోన్ తీశాడు.

"అమ్మా, ఆ పిల్లోన్ని రేపు అన్నానికి పిల్సు."

మీరూ మీ అమ్మాయికి ఇప్పుడే ఫోన్ చేయండి.