రెండు డబ్బాలకు ఒకటే నంబర్

మేడ్చల్ దగ్గర దాణా ఫ్యాక్టరీల నేను ఎలక్ట్రీషియన్‌గ చేసిన. శామీర్‌పేట దిక్కు కోళ్ల ఫారాలకు మా లారీలే పోతుండె. నాకు పని నేర్పినాయనను ఉస్తాద్ అని పిలుస్తుంటి. కుత్బుల్లాపూర్ నుంచి బస్సుల వచ్చేటోడు. మనిషి పొట్టిగుంటుండె గని నోరు మాత్రం మస్తు పెద్దది. గౌడవెల్లి నుంచి మోపెడ్ మీద నేను అయిదు నిమిషాలు లేటొస్తే, "ఏం దొరా, ఇప్పుడు తెల్లారిందా?" అని గేటుకాడనే అందుకుంటుండె.

ఆ ఫ్యాక్టరీల ఎన్ని సెన్సార్లో అన్ని జతల వైర్లు. బిన్ను నిండిందా, బెల్టు తిరుగుతాందా, తలుపు పడ్డదా, ఇట్ల ఒక్కొక్క కబురుకు ఒక్కొక్క జత, మిషన్ కాడికెల్లి ప్యానెల్ రూము దాక. తొంభైలల్ల అవన్నీ ఉస్తాద్ గుంజినవే. కట్ట చేతుల పట్టుకొని, "గిది మూడో బిన్ను, గిది పాత బెల్టు" అని నంబరు సూడకుంటనే చెప్తుండె.

రెండువేల నాలుగో అయిదో, కొత్త సారొచ్చిండు. కోస్తా దిక్కు మనిషి, మేడ్చల్ల కొత్త కాలనీల ఉంటుండె. మంచోడే. ఆయన ఈథర్‌నెట్ తెప్పిచ్చిండు. మిషన్ పక్కనే ఒక డబ్బా పెడుతరు, చుట్టుపక్కల సెన్సార్ల వైర్లన్ని ఆ డబ్బాలకే పోతయి. అక్కడికెల్లి ప్యానెల్ రూముకు ఒక్కటే కేబుల్. ఇంటర్నెట్ కేఫుల కంప్యూటర్ ఎనుక ఉంటదే, గదే సన్న కేబుల్. ఉస్తాద్ దాన్ని వేళ్ల నడుమ పట్టి నలిపి సూసిండు. "గీ పోగు మీద గింత ఫ్యాక్టరీ నడుస్తదా? మజాక్ చేస్తున్నవా సారూ!"

మొదటి లైను మిషన్లకు కంపెనీ ఇంజనీర్ వచ్చి డబ్బా పెట్టి పోయిండు. రెండో లైను మా ఇద్దరికి అప్పజెప్పిండ్రు. ఉస్తాద్‌కు అప్పటికే రిటైర్మెంట్ వయసు దాటింది, ఏడాదికోసారి కాగితం రాసి ఉంచుకుంటుండ్రు. సారు నిమ్మళంగనే చెప్పిండు. "చూడండి పెద్దాయనా, ఇకమీదట పనంతా ఇదే. ఈ లైను మీ చేత్తో నడిపించి చూపించండి, కాగితం మీద నేనే సంతకం పెట్టిస్తాను. లేదంటే పైవాళ్లకి నేను నచ్చజెప్పలేను."

బయటికొచ్చినంక ఉస్తాద్ నాతోని, "ఇంట్ల కూసుంటే నాకు పిచ్చి లేస్తది బిడ్డా. జర మంచిగ చెయ్యాలె" అన్నడు. ఆయన బతిమాలినట్టు మాట్లాడంగ ఇనుడు నాకు అదే మొదలు.

రెండు దినాలు వైర్లు గట్టినం. డబ్బా పక్కకు చిన్న నంబర్ చక్రాలున్నయి, స్క్రూడ్రైవర్‌తోని తిప్పేటివి. నేను ప్యానెల్ రూముల కేబుల్ అందుకుంటుంటే, ఉస్తాద్ పోయి మొదటి లైను డబ్బా సూసొచ్చి, దీనికీ గవే నంబర్లు పెట్టిండు. ఆయన జిందగీ అంత అట్లనే చేసిండు. కొత్త మోటారుకు, అది కాలకుండ కాపాడే రిలే పెట్టేటప్పుడు, పక్క మోటారు అసొంటిదే అయితే, దాని రిలే ఎంత మీదుందో సూసి గంతే పెట్టాలె. నాకు నేర్పింది గూడ గదే. మా కాడ ఒక్క మోటారు కాలలే.

కరెంటిస్తే రెండో లైను నడవలే సరికదా, మంచిగ నడిచే మొదటిది గూడ ఆగింది. ఇగ సూడు మా పరేషాన్! ఒక్కొక్క వైరు మీటర్ పెట్టి సూసినం. అన్నీ సక్కగనే ఉన్నయి. కొత్త డబ్బా కేబుల్ పీకితే పాతది లేస్తది, పాతదాన్ని పీకితే కొత్తది లేస్తది. రెండూ పెడితే రెండూ పడుతయి. ఉస్తాద్ ఆ దినం టిఫిన్ డబ్బా మూత గూడ తియ్యలే. పొద్దూకినంక సారొచ్చి, "రేపు మధ్యాహ్నం వరకే" అని చెప్పిపోయిండు.

తెల్లారి ఉస్తాద్ చాయ్‌కు పోయినప్పుడు డబ్బా ముందర కూసున్న. చక్రాలు కండ్లవడ్డయి. అప్పుడు యాదికొచ్చింది. మొదటి లైను నాడు ఉస్తాద్ నిచ్చెన మీదుంటే, కింద నాకొక్కనికే ఇంజనీర్ చెప్పిండు. ఏ డబ్బా నంబరు దానిదే ఉండాలె, ఒకటే పెడితే ఎవరి కబురు ఎవరిదో తెల్వక రెండూ ఆగుతయని. నేను ఉస్తాద్‌కు చెప్పలే. ఆయనకు తెల్వంది ఒక్కటన్న నాకు తెలుసని లోపట మురిసిన. దాసుకున్న. దాసుకొని నేనే మరిచిన. థూ నా బతుకు.

ఒక్క చక్రం ఒక్క అంకె జరిపి, కరెంటు తీసి మళ్ల ఇచ్చిన. రెండు లైన్లు నడిచినయి. సంబురం ఆగలే. సరిగ్గ అప్పుడే సారొచ్చి, "ఏంటయ్యా ప్రాబ్లెమ్?" అని అడిగిండు.

"రెండిటికి ఒకటే నంబర్ పెట్టిండు సార్ ఉస్తాద్. నేను కనిపెట్టి మార్చిన."

వైరు లూజున్నది సార్ అంటే అయిపోతుండె. ఎనుక ఉస్తాద్ రెండు చాయ్ గ్లాసులతోని నిలవడి ఉన్నడు. ఒకటి నాకు తెచ్చిండు.

నెలాఖరుకు ఆయన కాగితం రాలే. నాకు తెలిసి గూడ చెప్పలేదని ఒప్పుకుందామని సారు తలుపు దాక రెండుసార్లు పోయిన. రెండుసార్లు మళ్లొచ్చిన. నా నౌకరి పోతదని భయమైంది, దాసేదేముంది.

ఆఖరి దినం ఉస్తాద్ నన్ను డబ్బా కాడికి తోలుకపోయిండు. కండ్లద్దాలు పెట్టుకొని వంగి, "గా చక్రమేదో నాకు సూపెట్టు" అన్నడు. మూడో లైనుకు ఏం పెట్టాలె, నాలుగోదానికి ఏం పెట్టాలె, అన్నీ అడిగిండు, తెల్లారి నుంచి డ్యూటీ లేని మనిషి. అంత సమజైనంక, "నీకెవరు చెప్పిండ్రు?" అన్నడు.

"ఇంజనీర్ చెప్పిండు."

"ఎప్పుడు?"

"మొదటి లైను పెట్టేటప్పుడు."

తిట్టలే. తిట్టినా బాగుండు. అద్దాలు తీసి జేబుల పెట్టుకున్నడు.

"నీకు పని నేర్పేటప్పుడు నేనేమన్న దాసుకున్ననా బిడ్డా?"

"లేదు ఉస్తాద్."

"లేదు గదా" అని, బస్సుకు టైమైతాందని గేటు దిక్కు నడిచిండు.