పద్నాలుగో బండికి ఐదు నిమిషాలు

మా వదిన మంచిదని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మంచిదా? పగబట్టింది. ఐదేళ్ళు కడుపులో దాచుకుని, సందు దొరగ్గానే పదకొండు దేశాలు వింటుండగా కక్ష తీర్చుకుంది. పక్కనే నిలబడి చూసినదాన్ని, నాకు తెలియదా?

ఆమె మా ఆయనకి అక్క. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. ముగ్గురం ఒకే సంస్థలో పనిచేసేవాళ్ళం. ఎక్కడ వరదలొచ్చినా, యుద్ధాలొచ్చినా మందులూ గుడారాలూ మోసుకెళ్ళే సంస్థ అది. ఆయన పద్నాలుగో నంబరు బండి డ్రైవరు. నేను కింద గిడ్డంగిలో గుడారాలు తీసిచ్చేదాన్ని. వదినది పై అంతస్తులో రేడియో గది. గంటగంటకీ రోడ్డు మీదున్న ప్రతి బండినీ పిలవాలి, ఎక్కడుందో అడగాలి, పుస్తకంలో రాయాలి. ఇరవై రెండేళ్ళలో ఒక్క గంట తప్పలేదు. ఇంట్లోనూ అదే వరస. పెళ్ళైన కొత్తలో నేను బజారు నుంచి ఫోన్ చేసి "వచ్చేస్తున్నా వదినా" అంటే, "వచ్చేయడం తర్వాత, ఇప్పుడెక్కడున్నావో చెప్పవే" అనేది. మా ఆయన పక్కనుండి పడీపడీ నవ్వేవాడు.

రేడియో గదిలో ఒక నియమం ఉంది. బండి పలక్కపోతే మూడుసార్లు పిలవాలి. అప్పటికీ పలక్కపోతే "అందరూ మౌనం" అనాలి. ఇక ఐదు నిమిషాలు ఏ దేశంలోనూ, ఏ బండిలోనూ, ఏ ఆఫీసులోనూ ఎవరూ నోరు విప్పకూడదు. ఎందుకంటే దెబ్బ తగిలినవాడి చేతి రేడియోకి బలం ఉండదు. వాడి గొంతు సన్నగా వస్తుంది. పైన ఇంకొకడు మాట్లాడితే మునిగిపోతుంది.

ఐదేళ్ళ కిందట ఒక వానరోజున, సాయంత్రం నాలుగింటి పిలుపుకి పద్నాలుగో బండి పలకలేదు. మూడు బండ్లు కలిసి తిరిగొస్తున్నాయి. ఆ మూడింటికీ పెద్ద, ఇస్త్రీ అనే ఆఫీసరు. బురదలో దిగినా చొక్కా మడత నలగనివ్వడని డ్రైవర్లు పెట్టిన పేరది. వదిన మూడుసార్లు పిలిచి, మౌనం ప్రకటించింది. రెండో నిమిషంలో ఇస్త్రీ గొంతు ఊడిపడింది.

"వాడు నా మాట వినకుండా వేరే దారిన పోయాడు. వాడికోసం ఆగొద్దు. ఇక్కడ నీళ్ళు పెరుగుతున్నాయి, వంతెన దగ్గరవాళ్ళతో నేను మాట్లాడాలి. మౌనం ఎత్తేయ్. నేను చెప్తున్నాను!"

పెద్ద చెప్పాడని వదిన ఎత్తేసింది.

మర్నాడు వాళ్ళొచ్చిన దారిలోనే, వాగు పక్కన, బండి బోల్తాపడి దొరికింది. మా ఆయన కాలు కింద ఇరుక్కుని ఉంది. చేతిలో రేడియో. చీకటి పడేదాకా ప్రాణం ఉండి ఉంటుందన్నాడు డాక్టరు. ఆ వాగు రేవు దగ్గరి శిబిరంలో ఉన్న మా సంస్థ వంటమనిషి నెల తర్వాత వచ్చి వదినతో చెప్పాడు. "నాలుగు దాటాక రేడియోలో 'పద్నాలుగు' అని ఎవరో సన్నగా అన్నట్టు వినిపించిందమ్మా. అంతలో ఇస్త్రీ సార్ మాటలు అడ్డొచ్చేశాయి."

బండిని నీళ్ళే అక్కడికి ఈడ్చుకొచ్చాయని ఇస్త్రీ చెప్పాడు. పైవాళ్ళు నమ్మారు. విచారణ కాగితంలో ఒకే వాక్యం రాశారు, 'డ్రైవరు అనుమతి లేకుండా దారి మార్చాడు' అని. ఆ వాక్యం వల్ల, పనిలో చనిపోయినవాళ్ళ పేర్లు చెక్కే గోడ మీద మా ఆయన పేరు ఎక్కలేదు. రోజూ ఆ గోడ పక్కనుంచే నేను డ్యూటీకి వెళ్ళాలి.

"నేనెందుకు ఎత్తేశానే?" అని వదిన ఒక్కసారే అడిగింది నన్ను. నేను లేచి లోపలికి పోయాను. నాకు ఆమె మీదా కోపమే, అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఈ ఏడు సిబ్బంది సంఘం ఎన్నికలు వచ్చాయి. పదకొండు దేశాల డ్రైవర్లూ, నర్సులూ, గిడ్డంగివాళ్ళూ ఓటేసి అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి. ఒక అభ్యర్థి నర్సమ్మ, నోట్లో నాలుక లేని మనిషి. రెండో అభ్యర్థి ఇస్త్రీ. నా గిడ్డంగి తలుపుకే వాడి పోస్టరు అంటించి పోయారు: 'నా మనుషుల్ని నేనెప్పుడూ వదిలేసి రాలేదు.' అక్కడికక్కడే పరపరా చింపేశాను. వదిన ఆ ముక్కలు ఏరి, బల్ల మీద పేర్చి, నిదానంగా చదివింది.

"చింపకే. ఈ మాట వాడి నోటితోనే అననీ" అంది.

దూరాన ఉన్నవాళ్ళంతా వినాలి కాబట్టి అభ్యర్థుల ప్రసంగాలు రేడియోలోనే. చెరో పావుగంట. ఎవరి పక్షమూ పట్టదని వేళలు వేసే పని వదినకే అప్పగించారు. నర్సమ్మకి మూడున్నర వేసింది. ఇస్త్రీకి మూడూ యాభై.

ఆ రోజు పై గదిలో కుర్చీలు చాలలేదన్నారు. నేనే రెండు మోసుకెళ్ళి, కావాలనే గుమ్మంలో నిలబడిపోయాను. ఇస్త్రీ వదినకి ఎదురుగా కూర్చున్నాడు. మైకు బటన్ ఆమె వేలి కింద ఉంది, నొక్కితేనే మాట బయటికి వెళ్తుంది. బాగానే మాట్లాడాడు, దొంగవెధవ. సెలవుల గురించి చెప్పాడు, పాత టైర్ల గురించి చెప్పాడు. చివరికి గొంతు బరువు చేసుకుని, "నా మనుషుల్ని నేనెప్పుడూ..." అని ఆ మాటా అన్నాడు.

గడియారం నాలుగు కొట్టింది. గంట పిలుపు ముందు ఎవరి మాటైనా ఆగాల్సిందే. వదిన బండ్లన్నిటినీ వరసగా పిలిచింది, అన్నీ పలికాయి. ఆ తర్వాత, ఐదేళ్ళుగా ఎవరూ పిలవని నంబరు పిలిచింది.

"పద్నాలుగో బండి. ఎక్కడున్నావు?"

మూడుసార్లు పిలిచింది. "అందరూ మౌనం" అని బటన్ వదిలేసింది.

నియమం నియమమే. పదకొండు దేశాల్లో ఒక్కడూ కిక్కురుమనలేదు. ఇస్త్రీ గడియారం చూశాడు, మమ్మల్ని చూశాడు, మెడ దగ్గర చొక్కా వదులు చేసుకున్నాడు. ఒక నిమిషం గడిచింది. వాడు నోరు తెరవబోవడం చూసి వదిన బటన్ నొక్కింది.

"ఏంటీ నాటకం? వాడు చచ్చి ఐదేళ్ళైంది! నా టైమంతా పోతోంది. మౌనం ఎత్తేయ్. నేను చెప్తున్నాను!"

ఆ గొంతూ, ఆ మాటలూ ఐదేళ్ళ కిందట విన్న డ్రైవర్లు ఇంకా పనిలోనే ఉన్నారు. వాళ్ళంతా మళ్ళీ విన్నారు.

వదిన పుస్తకం దగ్గరికి లాక్కుని, రాస్తూ పైకి చదివింది. "రెండో నిమిషం. మౌనం తెంచినవారు, అభ్యర్థి. ఐదేళ్ళ కిందట తెంచినవారు, ఆయనే. అప్పుడూ రెండో నిమిషమే. ఆయన మాట విని ఎత్తేసినదాన్ని నేను. ఈసారి ఎత్తను. ఇంకా మూడు నిమిషాలున్నాయి."

ఇస్త్రీ మూడు నిమిషాలూ అలాగే కూర్చున్నాడు. ఆ తర్వాత లేచి వెళ్ళిపోయాడు. తొమ్మిది వందల పైచిలుకు ఓట్లలో వాడికి నలభై ఒకటి పడ్డాయి.

చనిపోయినవాడి నంబరు పిలిచినందుకు పైవాళ్ళు వదినని నిలదీశారు. "పగతో చేశావా?" అన్నారు. "అవును. అక్షరం పొల్లుపోకుండా అలాగే రాసుకోండి" అంది. ఉద్యోగం పోయింది. నర్సమ్మ గెలిచి పాత విచారణ మళ్ళీ తెరిపించింది. నోట్లో నాలుక లేదన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ వాక్యం కొట్టేశారు, మా ఆయన పేరు గోడకెక్కింది. అయినా నా కడుపు నిండింది దానితో కాదు.

ఆ విచారణ రేపనగా ఇస్త్రీ మా ఇంటికొచ్చాడు. చొక్కా నలిగి ఉంది. "అమ్మా, ఒక్క మాట..." అన్నాడు. నేను చీపురు అందుకోబోయాను. వదిన ఆగమని సైగ చేసి, కుర్చీ చూపించింది.

"ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చో. తర్వాత విందాం."

ఇరవై రెండేళ్ళలో వాణ్ణి 'మీరు' అనకపోవడం అదే మొదలు. వాడు కూర్చున్నాడు. వదిన గోడ గడియారం కేసి చూస్తోంది. బయట ఎవరో బిందె కడుగుతున్న చప్పుడు. ఐదు నిమిషాలూ గడిచాయి. వాడు ఆశగా తలెత్తాడు.

"చూశావా, ఎంత తేలికో?" అంది వదిన. "ఆ రోజు నిన్ను అడిగింది ఇంతే. ఇక పో."

వాడు గుమ్మం దాటగానే నేను తలుపేశాను.