అక్క వద్దన్న సాంబారు

తిరువళ్లూరు ఆసుపత్రిలో అక్క మంచం పక్కన కూర్చుని, ఆమె చేతికి బొట్టుబొట్టుగా దిగుతున్న సెలైను చూస్తూ ఇది రాస్తున్నాను. మొన్న ఇద్దరం తిరుత్తణి కొండకు పోయి, దిగి వచ్చేటప్పుడు అద్దాల తలుపులూ రంగు దీపాలూ ఉన్న ఒక కొత్త హోటల్లో ఇడ్లీ తిన్నాము. ఆ సాయంత్రమే మొదలైన వాంతులు ఆమెను ఇక్కడికి తెచ్చి పడేశాయి. నాకేమీ కాలేదు, ఎందుకంటే నేను చట్నీ ముట్టలేదు. ముట్టొద్దని నాకు చెప్పింది అక్కే. చెప్పిన మనిషే ఎందుకు తినింది అన్నదే నన్ను కాల్చేస్తూ ఉంది. అది మీకు తెలియాలంటే మా మేనమామ హోటలు సంగతి చెప్పాలి.

మామ పొదటూరుపేటలో మగ్గం నేసినవాడు. మోకాళ్లు పట్టేసి మగ్గం గుంటలోకి దిగలేక, తిరుత్తణి కొండ కింద ఒక పెంకుటిల్లు బాడుగకు తీసుకుని హోటలు పెట్టాడు. నాయన పోయాక అక్కనూ నన్నూ సాకింది ఆయనే. నేను బడికి పోయింది తక్కువ. పొట్లాలు కట్టే పాత పత్రికల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నవాణ్ణి. ఇప్పుడు పొట్లాలే లేవు, పొగలు కక్కే సాంబారును ప్లాస్టిక్ కవర్లో పోసి ముడేసి ఇస్తున్నారు, దాన్ని ఆనందంగా ఇంటికి మోసుకుపోతున్నాము.

మామ హోటల్లో ఒక కట్టుబాటు ఉండేది. మొదటి ఆకు ఇంటి మనిషికే వెయ్యాలి, అదీ వంటింట్లో కాదు, బయటివాళ్లు కూర్చునే బల్ల మీద, వాళ్లకు వడ్డించే గుండిగల్లోంచే. ఆ ఆకు ముందు పావడా కట్టుకున్న మా అక్క కూర్చునేది. అత్త చేతి వంటలో అత్తకే తెలియని తేడా అక్క నాలుకకు తెలిసేది. ఆమె తిని తల ఊపితేనే మామ వాకిట్లో తడిక తీసేవాడు.

ఒక ఆడికృత్తిక పండగనాడు కొండ దిగిన జనం కావళ్లు పక్కన పెట్టుకుని అరుగు నిండా కూర్చున్నారు. అక్క సాంబారన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

“మామా, నాలిక్కి చిలుము తగలతా ఉండాది.”

అత్తకు మండిపోయింది. “ఈ దినమే పుట్టిందా నీ నాలిక్కి చిలుము? బయట జనం చూడవే!”

మామ ఇత్తడి గుండిగను వెలుతురుకు వంచి చూశాడు. లోపలి కళాయి పూత ఒకచోట కొట్టుకుపోయి ఇత్తడి బయటపడింది, చింతపండు పులుసు అక్కడ పని చేసింది. అంతే, అత్తకు సాయంగా పెట్టుకున్న వంటాయనా తనూ చెరొక పక్క పట్టుకుని గుండిగెడు సాంబారునూ కాలవలో కుమ్మరించారు. అరుగు మీది ఒక పెద్దాయన ఊరుకుంటాడా, “ఏందయ్యా, అభిషేకం కొండమీద సామికి గదా, నువ్వు కాలవకు చేస్తా ఉండావే!” అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. మామ చేతులు జోడించి, “బిడ్డ వద్దనింది సామీ. రవంత కూచోండి, ఉప్మా అయిపోతాది” అన్నాడు. కొందరు లేచిపోయారు, ఎక్కువమంది ఆకలి ఆపుకుని కూర్చున్నారు. అత్త చాలా రోజులు మామతో మాట్లాడలేదు గానీ, మరుసటేడు కృత్తికకు వచ్చినవాళ్లు తడిక దగ్గరే “బిడ్డ తినిందా?” అని అడిగి లోపలికి వచ్చారు.

అలాంటి అక్క మొన్న ఆ కొత్త హోటల్లో చట్నీ ముక్కు దగ్గర పెట్టుకుని, “పులిసిపోయిందిరా, నువ్వు ముట్టొద్దు” అనింది. లోపల వేళ్లు పెట్టి నీళ్ల గ్లాసులు మోసుకొస్తున్న సర్వరును పిలిచి చెప్పాను.

“పొద్దున్నించీ ఊరంతా అదే తినింది తాతా. నీకొక్కడికే వచ్చిందా కంపు?”

కౌంటరు దగ్గరికి పోయాను. అక్కడివాడు తల కూడా ఎత్తలేదు. “నచ్చకపోతే ఫోన్లో స్టార్లు తగ్గించుకో పెద్దాయనా. వెనకాల జనం ఉండారు, జరుగు.”

నేను గొంతు పెంచాను. తింటున్నవాళ్లు తిరిగి చూశారు, ఎవరో నన్ను ఫోన్లో వీడియో పట్టసాగారు. అక్క వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. “కూచోరా, అందరూ నవ్వతా ఉండారు. నాదే తప్పేమో, ముసిలి ముక్కు.” అని, నా నోరు మూయించడానికి, ఆ చట్నీని ఇడ్లీతో అద్దుకుని తినేసింది.

చట్నీ పులియడం ఏ వంటింట్లోనైనా జరుగుతుంది, మామ సాంబారూ చెడింది. కానీ ఆయన పారబోసింది సాంబారును. వీళ్లు పారబోసింది మా అక్క మాటను. ఆ ముక్కు చెప్పింది అబద్ధమేమోనని ఆమెనే నమ్మించారు, అదీ నాకు మంట.

ఇవాళ డాక్టరమ్మ ఏదైనా తినొచ్చు అనింది. మా ఆవిడ పంపిన చారన్నం క్యారియరు మూత తీసి, అలవాటు కొద్దీ, అక్క ముక్కు దగ్గర పెట్టాను. ఆమె మొహం పక్కకు తిప్పుకుంది.

“నాకేం తెలుసురా. నువ్వే చూసి చెప్పు.”

కొండ దిగిన జనాన్ని ఒక్క మాటతో ఆకలితో కూర్చోబెట్టిన మనిషి. ఇప్పుడు ఏ హోటలు వాకిట నిలబడి, ఎవరు తిన్నారని అడగాలి మనం? చెయ్యి కడుక్కుని వచ్చి, ఆమెకు కనబడేలా మంచం మీదే కూర్చుని, మొదటి ముద్ద నేను తిన్నాను. తల ఊపాను. అక్క ఇంకా నా మొహమే చూస్తూ ఉంది.